పెళ్లిపత్రికల వెనక ఎనుము

ఒక ఎనుము వల్ల పెళ్లిముహూర్తం దాటిపోబోయిన సంగతి మీరు విని ఉండరు. ఆ ఎనుము నాదే. పాలిచ్చే బర్రె కాదు, నేను రంగుతో గీసింది.

పందొమ్మిదొందల యాభైల్లో ఆలూరు టెంటు సినిమాలో పోస్టర్లు అంటించేవాణ్ణి. ఐదో తరగతిలో నేను బడినీ, బడి నన్నూ వదిలేసి ఇద్దరం సుఖపడ్డాం. అసలు సినిమాకు ముందు ఒకసారి కదిలే బొమ్మల ముక్క వేశారు. అది చూశాక నాకు పిచ్చి పట్టింది. వారానికో బొమ్మల కథ నేనే గీస్తే ఊరంతా వచ్చి టెంటులోనే కాపురం పెడుతుందనుకున్నా.

ఓనరు ఓబుల్‌రెడ్డి దగ్గరకు పోయా. ఆయన మీసాలు ముక్కు కింద రెండు పిల్లులు పడుకున్నట్టుంటాయి.

"రెడ్డన్నా, ఒక కాకి. వారానికొక ఇంట్లో ఏదో ఒకటి ఎత్తుకపోతాది."

"మా ఇంట్లో దినామూ చూస్తాండా. దానికి టికెట్టు యాల?"

"అయితే ఒక గాడిద. ఊరికి ప్రెసిడెంటు అయితాది."

"ప్రెసిడెంటు నా బామ్మర్ది. ఇంకోటి చెప్పు."

"ఒక ఎనుము. మీసాలాయన్ని తరుముతాది. వారం వారం తరుముతానే ఉంటాది."

రెడ్డి మీసం దువ్వాడు. "నోటితో కాదు, కదిలిచ్చి చూపీ. బాగుంటే మద్రాసు నుంచి ఫిలిం తీసేటోళ్లను పిలిపిస్తా. లేకుంటే నీ పోస్టర్ల పని గూడా పాయ."

బొమ్మ కదలాలంటే మందం కాగితాలు కావాలి. టికెట్ల గదిలో ఒక కట్ట దొరికింది. పాత సినిమా కరపత్రాలు అనుకున్నా. మూలలకు పసుపు ఉంటే బొరుగుల పొట్లం తగిలిందనుకున్నా. తిప్పి చూడొచ్చు కదా అంటారు మీరు. అచ్చు కనబడితే ముఖం తిప్పుకునే జబ్బు నాది. పోస్టర్ల నల్లరంగుతో నూరు బొమ్మలు గీశా.

రెడ్డి ముందు కట్ట పట్టుకుని కాగితాలు ఒకదాని వెనక ఒకటి సర్రున వదిలా. ఎనుము ఉరికింది. మీసాలాయన పంచె ఎగ్గట్టి ఉరికాడు, గాల్లోకి లేచాడు, పేడలో పడ్డాడు.

"శానా బాగుండాది రా. ఇంకోసారి," అంటూ పొట్ట పట్టుకుని నవ్వి, కట్ట తానే తీసుకున్నాడు. అది చేతిలో తిరగబడింది.

"ఏమ్రా, ఇవి మా పాప పెండ్లి పత్రికలు గదరా."

పెళ్లి ఇంకా వారమే. కర్నూలు పోయి మళ్లీ అచ్చేయించే వ్యవధి లేదు. చుట్టానికో బొమ్మ చొప్పున వాటినే పంచారు. శుభకార్యానికి పేడ ఏందని ఆఖరి పత్రిక మాత్రం రెడ్డి దాచేశాడు.

"మగపెండ్లోళ్లు ఒక్క మాటన్నారంటే నువ్వు ఈ ఊర్లో ఉండవు," అన్నాడు నాతో.

పెళ్లినాడు వంటపొయ్యి పొగలో దాక్కున్నా. ఆత్మకూరు నుంచి వచ్చిన పెళ్లికొడుకు నాయన పందిట్లో పత్రిక బయటికి తీశాడు.

"ఏమప్పా బావా, మా దాంట్లో మీసాలాయన గాల్లో ఉండాడు. కింద పడినాడా లేదా?"

"మాకు ఒట్టి తోకొచ్చింది," అన్నాడు వెనకాయన.

ఇంకేముంది, అందరి జేబుల్లోంచీ పత్రికలు వచ్చాయి. ముహూర్తం దగ్గరపడుతుంటే చుట్టాలంతా చాప మీద బొమ్మలు పేరుస్తున్నారు. అయ్యవారు కూడా మంత్రం ఆపి తన పత్రిక వెతుక్కున్నాడు.

"ఆఖరిది యాడ?" అని పెళ్లికొడుకు నాయన రెడ్డి వైపు తిరిగి, అట్లే ఆగిపోయాడు. "ఈ మీసాలు నేను యాడనో చూసినట్టుండాదే."

పందిరంతా రెడ్డి ముఖం చూసింది. రెడ్డి మీసం తడుముకుని, పొగలో నన్ను చూశాడు. పంచె ఎగ్గట్టాడు. నేను ఉరికా. బండ్లెద్దులు కట్టేసిన చోట నేను దూకి దాటా, ఆయన గాల్లోకి లేచి పేడలో పడ్డాడు.

"పడినాడప్పా," అన్నాడు పెళ్లికొడుకు నాయన తృప్తిగా. "ఇంక తాళి కట్టండి."

పరుగెడుతూనే ఒట్టు పెట్టుకున్నా: వెనక చూడకుండా ఏ కాగితమూ ముట్టను, మీసాలున్న మనిషికి కథ చెప్పను. మొదటిది ఇప్పటికీ తప్పలేదు. ఆ రోజు వెనక మాత్రం చూడలేదు, కర్నూలు పక్కనున్న కల్లూరు చేరేదాకా.