జడ పట్టుకుని అడిగిన ప్రశ్నలు

అమ్మా నాన్నా నా కోసం తెనాలి కోర్టులో కొట్లాడుతున్న రోజుల్లో నాకు నడుం దాకా జడ ఉండేది. వారమంతా తెనాలిలో అమ్మ దగ్గర, ఆదివారాలు రేపల్లెలో నాన్న దగ్గర.

నేను వెళ్లగానే నాన్నమ్మ అమ్మ వేసిన జడ విప్పేసి, పేల దువ్వెనతో వెనక కూర్చునేది. "మీ అమ్మ దగ్గరికి ఎవరెవరు వస్తన్నారే?" నేను నోరు మెదపకపోతే దువ్వెన మాడులోకి దిగేది. సాయంత్రం తెనాలి తిరిగొచ్చాక నాన్నమ్మ వేసిన జడ అమ్మ విప్పేది. "అక్కడ నా గురించి ఏంటి అనుకుంటున్నారమ్మా?" గొంతు మెత్తన, చెయ్యి మాత్రం అదే. జుట్టు వాళ్ల చేతిలో ఉంటే నేనెక్కడికి పోతాను? చెప్పేసేదాన్ని. అవి కోర్టు కాగితాల్లోకి ఎక్కేవి. తర్వాత ఇద్దరూ నన్నే తిట్టేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయేది.

పదకొండో ఏట కసి తీర్చుకున్నాను. వేసవి సెలవులకి రేపల్లెలో ఉన్నప్పుడు, "నాన్నమ్మా, మీ దగ్గరే ఉండిపోవాలని మొక్కుకున్నాను, గుండు చేయించవా?" అన్నాను. ఆవిడ పొంగిపోయి అప్పటికప్పుడు గుడికి తీసుకెళ్లింది. ఒళ్లో పడుతున్న జుట్టు చూస్తుంటే నాకు భలే హాయిగా ఉంది.

వాయిదా రోజు కోర్టు వరండాలో నన్ను చూసి అమ్మ గోడకి జారగిలబడింది. "నన్నడక్కుండా నా బిడ్డకి గుండు కొట్టిస్తారా?" అని ఏడ్చింది. "దానంతటదే మొక్కుకుందండి" అని నాన్నమ్మ లాయరుతో వాదించింది. జడ్జిగారు నన్నొక్కదాన్నే లోపలికి పిలిచారు. ఆవిడ నా తల వంక చూసి, ఎవరు చేయించారని అడిగారు.

"నేనేనండి. మొక్కు అబద్ధమండి. ఇద్దరూ జడ పట్టుకుని అడుగుతారండి. ఇప్పుడు పట్టుకోడానికి ఏం లేదండి."

ఆవిడ అందరినీ లోపలికి పిలిచి, ఒక ఇంటి సంగతులు ఇంకో ఇంట్లో ఈ పిల్లని అడిగితే ఊరుకోనన్నారు. అందరూ తలలు దించుకున్నారు. ఆ తలలు చూసి నాకు కడుపు నిండింది.

ఇప్పుడు బాపట్లలో ఉద్యోగం. జుట్టు మెడ దాటనివ్వను. మంచంలో ఉన్న నాన్నమ్మ చివరిసారి నా తల నిమరబోతే పక్కకి జరిగాను. తెనాలి వెళ్లినప్పుడల్లా అమ్మ నూనె గిన్నె పక్కన పెట్టుకుని, "కాస్త పెంచుకోవచ్చుగా, జడ వేస్తాను" అంటుంది. వద్దంటాను. ఆవిడ ఆ నూనె తన అరచేతులకే రాసుకుంటూ కూర్చుంటుంది. చూస్తే జాలేస్తుంది. అయినా తల మాత్రం ఇవ్వను.