లేని ఒక్కపొద్దు

చదివే మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్లకైతే ఈ మాట చెప్పలేను. చెప్పలేకే ఇన్నేళ్లు మోశాను. శనివారం పగలంతా మెతుకు ముట్టని మనిషిగా మా వైపు నాకు పేరుంది. ఎంత భక్తో అంటారు. భక్తా, నా మొహమా! ఒక అబద్ధానికి కాపలా కాస్తున్నాను, అంతే.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్లయి ఉంటుంది. కొడవలూరు దగ్గర ఒక హైస్కూల్లో పదో తరగతి చదివేదాన్ని. మాది వరి పండించే ఇల్లు, నలుగురిలో పరువున్న ఇల్లు. నా స్నేహితురాలు సువార్త ఊరవతలి పల్లెలో పాస్టరుగారి కూతురు. ఆ పల్లెవాళ్లను మా పెద్దలు అంటుకునేవారు కాదు. బడిలో మాత్రం అందరం ఒకే గదిలో చదివేవాళ్లం. మధ్యాహ్నం గంట కొట్టగానే విడిపోయేవాళ్లం. మేం లోపల, సువార్త వరండా చివర. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది.

అది పోవాలని మేమిద్దరం పట్టుబట్టాం. పొద్దున ప్రార్థన వేళ మనుషులంతా ఒక్కటేనని నేను గొంతు చించుకుని ఉపన్యాసం ఇచ్చాను. చప్పట్లు కొట్టారు. ఒక పూట బడి ఉండే శనివారం నాడు తరగతంతా ఒకే పంక్తిలో భోంచేయడానికి హెడ్మాస్టరుగారు ఒప్పుకున్నారు. సువార్త అంతకన్నా పెద్ద పని చేసింది. పల్లెలో బడి మానేసిన ఏడుగురు పిల్లల ఇళ్లకు తిరిగింది. ఇప్పుడు లోపలే, అందరి పక్కనే కూర్చోబెడతారని వాళ్ల అమ్మలకు చెప్పింది. పంక్తి సరిగా జరిగితే సోమవారం నుంచి పిల్లల్ని పంపుతామని వాళ్లు మాటిచ్చారు. నేను తన పక్కనే కూర్చుంటానని నా చేత ఒట్టు వేయించుకుంది.

తలా దోసెడు బియ్యం తెచ్చాం. మా సన్న బియ్యం మొలగొలుకులూ వాళ్ల ముతక బియ్యమూ ఒకే గుండిగలో ఉడికాయి. విస్తళ్లు మేమిద్దరమే కుట్టాం. గుమ్మడికాయ పులుసు వాసనకు నా కడుపులో ఎలుకలు పరుగెత్తాయి. పల్లె నుంచి ఆ ఏడుగురూ కూడా పంక్తికి వచ్చారు. వరసలో కూర్చుని నా పక్కన సువార్తకు చోటు ఉంచాను. తను వడ్డించుకుంటూ నా దగ్గరికొచ్చింది. అప్పుడే తలెత్తాను. కంచె అవతల మా పెదనాన్న సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కళ్లెర్ర చేయలేదు, ఒక్క మాట అనలేదు, ఊరికే చూస్తున్నాడు. నా చెయ్యి విస్తరికి అడ్డం పోయింది.

“నాకు పెట్టబాకు. శనివారం కదా, ఒక్కపొద్దు.”

సువార్త గరిటె అలాగే ఆగింది. “ఎప్పట్నించి మే?”

“ఈ వారం నించే.”

“నిన్న విస్తళ్లు కుట్టేటప్పుడు చెప్పలేదే?”

నేను విస్తరి ముందు నుంచి లేచాను.

శనివారం వెంకన్న పేరు చెప్పి పగలు అన్నం మాని, దీపం పెట్టాక ఒక్క పూట తినడం మా ఇళ్లలో ఉన్నదే. మా నాయనమ్మ ఉండేది. దేవుణ్ణి అడ్డం పెట్టుకుంటే ఎవరేమంటారు? ఆ ధైర్యంతోనే అన్నాను. నా అవతలి పిల్ల కూడా తనకూ ఒక్కపొద్దేనని లేచింది. ఆ వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. అబ్బ, చూస్తుండగానే తరగతి తరగతికంతా భక్తి పట్టుకుంది! చివరికి ఆ ఏడుగురే మిగిలారు, వాళ్ల ఎదురుగా మేం వదిలి లేచిన ఖాళీ విస్తళ్లు. సువార్త గరిటె దించి వాళ్ల మధ్య కూర్చుంది. మెతుకు మిగలకుండా నెమ్మదిగా తినింది. నేను వరండా స్తంభం పట్టుకుని చూస్తూ ఉన్నాను.

సోమవారం ఏడుగురూ రాలేదు. మళ్లీ ఎన్నడూ రాలేదు. తర్వాత ఇద్దరిని మా కయ్యలోనే నాట్లు వేస్తుండగా చూశాను. సువార్త పరీక్షల దాకా వచ్చింది, వరండా చివర ఒక్కతే తినేది. నాతో మాట్లాడలేదు, తిట్టనూ లేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది. లోపల పదిమంది మధ్య కూర్చున్నా నాకు ముద్ద దిగేది కాదు. వాళ్ల నాన్నను వేరే ఊరికి మార్చారు. ఆ తర్వాత తను ఎక్కడుందో నాకు తెలియదు. అలాంటి స్నేహం నాకు మళ్లీ దొరకలేదు. దొరకాలని నేనూ చూడలేదు.

భయమేనా? భయమే. కానీ నోరు విప్పని మనిషిని చూసి భయపడ్డానంటే, ఆయన వద్దనకముందే ఆ వద్దు నాలోనే ఉందేమో, ఉపన్యాసం ఇచ్చేటప్పుడు కూడా ఉందేమో అని ఎన్నిసార్లు అనుకున్నానో! ఆ సాయంత్రం పెదనాన్న నన్ను మెచ్చుకున్నాడు, మాట పడకుండా తప్పుకున్నానట. నోటితో అన్నాక తప్పితే దోషమని అమ్మ ఆ శనివారమే నాకు నిజంగా ఒక్కపొద్దు పట్టించింది. పెళ్లయి అత్తగారింటికి వచ్చినా అదే సాగింది. ఇది నా శిక్షేలే అని కొన్నాళ్లు సర్దిచెప్పుకున్నాను. శిక్షకు ఎవరైనా పొగుడుతారా?

ఈ రోజు శనివారం. ఇంట్లోవాళ్లు పెళ్లికి వెళ్లారు. పట్టపగలు కంచంలో అన్నం పెట్టుకుని తిన్నాను, ఇన్నేళ్లలో మొదటిసారి. చేసిన తప్పు దీంతో పోదు. ఆ ఏడుగురికి చదువు తిరిగి రాదు. అయినా ఒక్క మనిషికైనా ఈ మాట చెప్పాలనిపించింది, అందుకే మీకు రాస్తున్నాను. ఆ రోజు నాకు ఒక్కపొద్దు లేదు. చాలా ఆకలిగా ఉండింది.