నేరుగా రెండో ఏడాదిలోకి

ఆ రోజులంటే మరీ తాతల కాలమేమీ కాదు. అప్పటికే చేతిలో సెల్‌ఫోను ఉంది, తలలో తెలివి మాత్రం ఇంకా రాలేదు. సూరత్‌లో పుట్టి పెరిగిన నన్ను తెలంగాణలో మా పెద్దమ్మ ఇంట్లో ఉంచి బి.ఎస్సీ.లో చేర్పించారు. రెండేళ్ళు కెమిస్ట్రీ చదివాక నేను చదవవలసింది ఫార్మసీ అని నాకు జ్ఞానోదయమైంది. (సెలవుల్లో సూరత్ వచ్చి, లింబాయత్‌లో మా గల్లీ మందుల షాపులో కూర్చునేదాన్ని. మాత్రల డబ్బాలో చీమ తలకాయలంత అక్షరాలతో ఒక కాగితం ఉంటుందే, జనం పారేసేది, దాన్ని ఇంటికి తెచ్చుకుని చదివేదాన్ని. అదీ నా అర్హత.) కాబట్టి ఆ యూనివర్సిటీ వదిలి సూరత్‌లో ఫార్మసీకి మారాలి. అదీ నేరుగా రెండో ఏడాదిలోకి. చదివిన రెండేళ్ళలో ఒక ఏడాదిని ఉదారంగా వదులుకుంటున్నాను కదా, ఇంకేం కావాలి వాళ్ళకి అనుకున్నాను.

ఎవరూ అడగకముందే ఈ సంగతి గల్లీ అంతా చాటాను. దానికి కారణం ఎదురింటి సోడాబుడ్డి. కళ్ళద్దాల మందం చూసి ఆ పేరు పెట్టింది నేనే. పదో తరగతిలో దానికి లెక్కలు చెప్పింది నేను, తప్పు చేస్తే నెత్తిన మొట్టిందీ నేను. అది ఇప్పుడు నేను చేరాలనుకున్న కాలేజీలోనే ఫార్మసీ మొదటి ఏడాదిలో చేరింది. "అక్కా, మనిద్దరిది ఒకటే క్లాసా?" అని అమాయకంగా అడిగితే, "నేను నీ సీనియర్‌ని. నమస్తే పెట్టుడు నేర్చుకో" అన్నాను. ఇక దాని పక్కన బెంచీ మీద కూర్చునే ప్రశ్నే లేదు.

కాలేజీకి మా నాన్నను, అంటే బాపును, వెంటబెట్టుకుని వెళ్ళాను. బాపు సాంచెల మీద, అంటే పవర్‌లూమ్ మీద, నేత పని చేస్తాడు. పని మానుకుని, పెళ్ళిళ్ళకు వేసుకునే చొక్కా తొడుక్కుని వచ్చాడు. షేర్ ఆటోలో దారి పొడుగునా పాఠం చెప్పాను.

"బాపూ, జాస్తి మాట్లాడకు. 'పిల్లకు రెండేండ్లు ఖరాబ్ అయితయి' అను, సాలు."

"గంతేనా? నువ్వు ఫికర్ చెయ్యకు, నేను సూసుకుంట."

ప్రిన్సిపాల్ మేడమ్ "బేసో కాకా" అని కుర్చీ చూపించింది. బాపు హిందీలో మొదలుపెట్టాడు. (ఆయన హిందీలో సగం తెలుగు, పావు గుజరాతీ, మిగిలింది చేతులు. బెన్ అంటే గుజరాతీలో అక్క.) "బెన్, ఒక సాంచె మీద పడుగు సగం నేసినం. ఆడ నడుస్తలేదు. ఇంకో సాంచె మీదికి తెస్తం, పోగుకు పోగు అతుకుతం, మల్ల నేస్తం. నా బిడ్డ సదువు గూడ గట్లనే. నేసినదాన్ని కోసి పారేసుడెందుకు?"

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. మేడమ్ మాత్రం, "దారం ఒకటే అయితే అతకవచ్చు కాకా. ఈ అమ్మాయి చదివింది వేరు. మొదటి ఏడాదిలో మేం మనిషి శరీరం గురించి, మందుల తయారీ గురించి చెప్తాం. అందులో చాలావరకు ఈమెకు తెలియదు" అంది.

బాపు నా వైపు తిరిగాడు. "నువ్వు గవి సద్వలేదా?"

"లేదు గానీ బాపూ, కెమిస్ట్రీ..."

"అంటే దారం వేరేనా?"

"కొంచెం వేరే."

ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. "అయితే అతకొద్దు బెన్. దొడ్డు దారానికి సన్న దారం అతికితే ముడి కాడనే తెగుతది. రేపు మంది పానాలకు మందులిచ్చే పిల్ల. మొదటి ఏడాదిలనే కూసోబెట్టుండ్రి." నా తరఫున వాదించడానికి వచ్చిన వకీలు అవతలి పక్షంలో చేరి కేసు గెలిచాడు. మొదటి ఏడాదిలో మిగిలి ఉన్న సీటు నాకిచ్చారు.

తిరుగు ప్రయాణంలో "రెండేండ్లు పోయినయి కదా" అన్నాను. "పోయినయి బిడ్డా" అన్నాడు. ఓదారుస్తాడేమోనని చూశాను, ఆటోకు ఇవ్వాల్సిన చిల్లర లెక్కపెడుతున్నాడు. ఇంటికి రాగానే తలుపేసుకుని, అన్నం మానేసి అలిగాను. గల్లీలో నా పరువు ఏమవుతుందోనని ఒకటే గుబులు. సాయంత్రం బయట నలుగురు చేరి బాపును చెడామడా తిడుతున్నారు. "పిల్ల బతుకు ఆగం జేసినవ్" అంటున్నారు. బాగా అయింది అనుకున్నాను. ఆకలి మీద కూడా హాయిగా నిద్రపట్టింది.

విచిత్రమేమిటంటే ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. మా గల్లీ జనానికి ఇంత మర్యాద ఎప్పుడొచ్చిందా అనుకుంటూ పరీక్షల దాకా గడిపేశాను. ఒకరోజు క్యాంటీన్లో సోడాబుడ్డి, "పాపం అక్కా, నిన్ను సీదా రెండో ఏడాదిల తీసుకుంటమంటే మీ బాపు వద్దన్నడట గదా. మీరు కాలేజీకి పోయొచ్చిన దినమే ఇంటింటికి పోయి చెప్పిండు, అడిగేదుంటే నన్ను అడుగుండ్రి, పిల్లను అడగొద్దని" అంది.

చేతిలో సమోసా పక్కన పెట్టేశాను. కాలేజీవాళ్ళు అసలు ఒప్పుకోనే లేదని నేను దాన్ని సరిదిద్దలేదు, బాపునూ అడగలేదు. ఇప్పుడు నేను ఆసుపత్రి ఫార్మసీలో పనిచేస్తున్నాను. బాపును తిడుతుంటే తలుపు వెనక మురిసిపోయిన ఆ పిల్ల గుర్తొస్తే జాలిగానూ ఉంటుంది, నవ్వూ వస్తుంది. మొన్న కూడా గల్లీలో ఎవరో ఆ మాటెత్తి, "నీ మొండితనానికి పిల్లకు రెండేండ్లు పోయినయి" అన్నారు. పక్కనే నేనున్నాను. బాపు నా వైపు చూడకుండానే "అవునుర బై, నాదే తప్పు" అన్నాడు.