నక్షత్ర అని నిండుగా

బస్సు మానవపాడు దాటగానే కిటికీలోంచి విత్తనాల కోసం పెంచే సీడు పత్తి చేల పచ్చివాసన వస్తుంది. ఆ వాసన తగిలితే మా మేనత్త ఎల్లమ్మ గుర్తొస్తుంది, వెంటనే కోపమూ వస్తుంది. కోపం అత్త మీద కాదు.

డిగ్రీ చదివి, ఉద్యోగం దొరక్క, అత్తతో పూల కూలికి పోయిన రోజులవి. చదువు ఏం పండిందో గానీ, చేలో మాత్రం మగపూలు తెంపి ఆడపూలకు రుద్దేదాన్ని. నెలల వయసున్న నా బిడ్డ చెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలో ఉండేది. దానికి నక్షత్ర అని పేరు పెట్టింది అత్తే. తొట్టెలనాడు చుట్టాలు నవ్వితే నాకూ బెరుకు పుట్టింది.

"గంత పెద్ద పేరు మనకు ఆగుతదా అత్తా?"

"ఎందుకాగదే? నాకు ఎల్లమ్మని పెట్టిండ్రు, ఎల్లీ అని పిలిచిండ్రు. బతకపోయిన ఊర్లల్ల గదీ లేదు, ఏయ్ అన్నరు. జాగలన్నీ ఎవలో ఒకలవే. చుక్కలు ఎవని పట్టా గాదు. యాడికి పోయినా నెత్తిమీద అవే ఉంటుండె."

ఒకనాడు పొద్దున చేను ఆసామి వచ్చి బిడ్డ పేరడిగాడు. చెప్పాను.

"కూలోళ్ల పిల్లకు నక్షత్రమా? నచ్చి అంటం తీయ్," అని నవ్వాడు.

నాకు ఒళ్లు మండింది గానీ, నా డిగ్రీ పట్టా ఆ పట్టాదారు ముందు నోరు విప్పలేదు. అత్త మాత్రం పూలగంప దించి సాలులోనే కూర్చుంది. ఆమెను చూసి మిగతా ఆడవాళ్లూ కూర్చున్నారు.

"ఏందే ఎల్లీ, గిదేం పని?"

"పేరు మంచిగ పిలువు పటేలా, లేస్తం."

"పరాచికానికి గింత పంతమా? ఎండ ముదిరితే పూలు ఖరాబైతయి."

"అయితయి. నాకు తెల్వదా?"

పుప్పొడి వేళకు రుద్దకపోతే, ముందురోజు సాయంత్రం కేసరాలు ఒలిచి ఉంచిన మొగ్గలన్నీ వృథా. ఆసామి చేను వైపు చూశాడు, సూర్యుడి వైపు చూశాడు. చివరికి గొంతులో ముల్లు తీసుకుంటున్నట్టు "నక్షత్ర" అన్నాడు.

"జర గట్టిగ. బిడ్డకు ఇనబడాలె."

మళ్లీ అన్నాడు. అత్త లేచింది. ఆ మర్నాటి నుంచి ఆ చేనుకు మమ్మల్ని ఎవరూ పిలవలేదు. పొయ్యి చల్లబడిన పూటలున్నాయి. అత్త ఒక్కసారి కూడా అయ్యో అనలేదు.

అత్త ఇప్పుడు లేదు. నేను వనపర్తి దగ్గర ఒక బడిలో పంతులమ్మను. మొన్న విరామంలో తోటి సారు ఒక పిల్లవాణ్ణి చూపించి, "ఇటుక బట్టీలోళ్లకు ధ్రువతేజ అంట మేడం. నేనైతే బట్టీ అనే పిలుస్తున్న, పలుకుతుండు," అని నవ్వాడు. పలకక ఏం చేస్తాడు, పసివాడు.

నేను ఆయనకెదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"వాణ్ణి పేరుతో పిలవండి సార్. వింటాను."

గంట కొట్టారు. నేను లేవలేదు.