అక్క మీద కట్టిన పాట

గొంతులో ఇసుక పోసుకున్నట్టు మాట్లాడే ఆ కుర్రాణ్ని, వాడు పనిచేసే టైర్ల షాపులో అందరూ గరగర అనేవారు. ర్యాప్ మొదలుపెట్టాక వాడు ఆ పేరే ఉంచేసుకున్నాడు. ఆదివారం సాయంత్రాలు షాపు వెనక రేకుల షెడ్డులో, టైర్ల గుట్టల మధ్య మైకు పెట్టుకుని పాడేవాడు. పోలీసుల మీద పాడాడు, తనకి లేని శత్రువుల్ని నోరారా తిట్టాడు. వచ్చిన నలుగురూ ఫోన్లలోంచి తలెత్తలేదు.

"నువ్వు చూడని గొడవలు మాకెందుకురా? నీ ఇంటి సంగతి పాడు," అన్నాడు బీట్లు కట్టే స్నేహితుడు.

ఇంట్లో ఉన్నది అక్క ఒక్కతే. అమ్మ పోయాక వాణ్ని పెంచింది ఆవిడే. బట్టల కొట్టులో కుట్టుపని చేసేది. మొగుడు వదిలేసి వెళ్లినప్పటినుంచి ఏడుపొస్తే స్నానాల గదిలోకి వెళ్లి కుళాయి తిప్పేది. బకెట్టు నిండి పొర్లిపోతున్నా కట్టేది కాదు. తర్వాత మొహం తుడుచుకుని వచ్చి, "తిన్నావురా?" అనేది. వాడు ఏమీ ఎరగనట్టు తలూపేవాడు.

అదే పాడాడు. షెడ్డులో చప్పుడు ఆగిపోయింది. ఎవరో తీసిన వీడియో ఊరంతా పాకింది. మరుసటి ఆదివారం జనం షెడ్డులో పట్టక రోడ్డు మీద నిలబడ్డారు. "కట్టొద్దక్కా, కుళాయి కట్టొద్దు" అని వాడు ఎత్తుకోగానే అన్ని గొంతులూ అందుకున్నాయి. వాడు మైకుని జనం వైపు తిప్పాడు. ఆ పూట అక్క గుర్తుకే రాలేదు.

కొట్టులో పక్క మిషను పిల్ల ఆ పాట కూనిరాగం తీసింది. ఎవరి కథో పాపం ఆ పిల్లకి తెలియదు. అక్కకి మాత్రం తెలిసిపోయింది.

ఇంటికొచ్చి ఆవిడ అరవలేదు.

"అయితే ఇన్నాళ్లూ వింటూనే ఉన్నావన్నమాట."

"నీ పేరెక్కడా చెప్పలేదక్కా..."

"ఊరందరికీ చెప్పావు. ఒక్కసారి తలుపు కొట్టి 'అక్కా' అనలేకపోయావు కదరా."

ఆ వారమే ఆవిడ ఆడవాళ్ల హాస్టలుకి మారిపోయింది. ఫోను చేస్తే ఎత్తదు. కొట్టుకి వెళ్తే, కుడుతున్న బట్ట మీంచి కళ్లెత్తకుండా, "పనుంది, వెళ్లు," అంది.

వాడు వీడియో తీసేయించాడు. కానీ అప్పటికే ఎందరి ఫోన్లలోనో ఉంది. ఇక ఆ పాట జోలికి పోకూడదనుకున్నాడు. ఆదివారం కొత్తవి పాడాడు. "అక్క పాట! అక్క పాట!" అని కేకలు వేశారు. వినిపించుకోనట్టే లాక్కొచ్చాడు. వెనక వరసలవాళ్లు విసుక్కుంటూ బళ్లు స్టార్టు చేశారు. వాడు అక్క పాట పాడేశాడు. వెళ్లినవాళ్లు పరుగున వెనక్కొచ్చారు.

పాట అయ్యాక ఒక పెద్ద హాలు మేనేజరు వచ్చి భుజం తట్టాడు.

"వచ్చే నెల మా దగ్గర పాడాలి. ఆ ఒక్క పాటా ఉంటే చాలు, మిగతావి నీ ఇష్టం."

"సరేనండీ," అన్నాడు గరగర.