కురచైన ఊపిరి

మా ఆస్పత్రికి కంప్యూటర్ వచ్చిన ఏడాది, దానికి జరిగిన మర్యాద పెద్ద డాక్టరు గారికి కూడా జరిగేది కాదు. చెప్పులు బయట విప్పాలి. లోపల ఏసీ. తలుపు తీసి ఒక్క క్షణం నిలబడితే కేకలు. నూజివీడు ఎండల్లో రోగులు వరండాలో విసనకర్రలు విసురుకుంటుంటే ఆ పెట్టె మాత్రం చల్లగా కూర్చునేది. మొదటి రోజు నుంచీ నాకు దాన్ని చూస్తే ఒళ్ళు మండేది. జీతం దాని మీదే గనక నోరు మూసుకున్నాను.

నా పని దానికి మాటలు నేర్పడం. రోగి తన బాధ ఎలా చెప్పుకున్నాడో అలాగే, నర్సులు ఇంగ్లీషు అక్షరాల్లో కేసు షీటు పైన రాసేవారు. అది నేను టైపు చేస్తే మెషీన్ తనలో ఉన్న మాటల పట్టికలో వెతికి, దానికి సరిపడే ఇంగ్లీషు వైద్యం మాట అచ్చు వేసి, ఏ బాధతో ఎందరొచ్చారో లెక్క కట్టేది. ఆ పట్టిక పట్నంలో తయారై వచ్చింది. కడుపులో దేవినట్టుండడం, కాళ్ళు పీకడం, ఒళ్ళు తూలడం దానికేం తెలుసు? తెలియని మాటల్ని కాగితం అడుగున విడిగా గుమ్మరించేది. అందులోంచి ఏరి నేను పట్టికలో చేర్చాలి. కనీసం ముగ్గురు రోగులు అన్న మాటనే చేర్చాలని డాక్టరు గారు రూలు పెట్టారు. లేకపోతే ఎవరికి తోచిన మాట వాళ్ళది, దీనికి అంతుండదనేవారు.

మా అక్క విస్సన్నపేట వైపు మామిడి తోటల్లో కాయ మోసేది. అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. మామిడి జీడి కాల్చిన మచ్చలు చేతుల నిండా ఉండేవి, ఆ కూలితోనే నన్ను టైపు నేర్చుకోవడానికి పంపింది. ఏటా నా పరికిణీ అంచు విప్పి పొడుగు చేస్తూ, మళ్ళీ కురచైంది, ఎక్కడికే ఈ పెరగడం అని విసుక్కునేది, లోపల మురిసిపోయేది. ఆ వేసవిలో గంప ఎత్తుకోలేక ఆస్పత్రికొచ్చింది. అప్పటికే గుండె పాడైపోయిందన్నారు. రసాలు పండకముందే పోయింది. ఈ మాట రాయడం నాకు ఇప్పటికీ చేతకాదు. రాశాను, అంతే.

తన కేసు షీటు మిగతా వాటితో కలిసి నా బల్ల మీదికే వచ్చింది. టైపు చేశాను. కాగితం అడుగున, మెషీన్‌కి తెలియని మాటల్లో, ‘ఊపిరి కురచైంది’ అని పడింది. అందరూ ఆయాసం అంటారు, ఎగపోత అంటారు, ఊపిరాడటం లేదంటారు. మా అక్క ఒక్కతే అలా అంది.

చేరుద్దామని డాక్టరు గారిని అడిగాను. ఆయన మంచివారే, కానీ రూలు రూలే అన్నారు. ఇక ఆ మాట కోసం ప్రతి కేసు షీటూ గాలించేదాన్ని. అంటే ఇంకో ఇద్దరికి ఊపిరాడకూడదని కోరుకోవడమేగా. అది తెలిసి కూడా మానలేకపోయాను.

వానలు పడ్డాక అక్కతో పాటు కాయ మోసిన ఒకావిడ వచ్చింది. వరండాలో గోడకానుకుని రొప్పుతూ, ఊపిరి కురచైందని నర్సుతో చెబుతోంది. నేను దగ్గరికెళ్ళి ఆ మాట ఎక్కడిదని అడిగాను.

"మీ అక్కదేనమ్మా. గంప దించి, ఉండండే, ఊపిరి కురచైంది అనేది. మేం నవ్వేవోళ్ళం. ఇప్పుడు తోటలో అందరం అదే అంటన్నాం."

తోటంతా అదే అంటోందని చెబితే డాక్టరు గారు కళ్ళజోడు తుడుచుకుని, రోగులు ఇద్దరే అయినా సరే చేర్చమన్నారు. చేర్చాను. అక్క కేసు షీటూ ఆవిడదీ మళ్ళీ మెషీన్‌కి పెట్టాను. ఇద్దరి వరసల్లోనూ, ఆయాసం అన్నవాళ్ళ వరసల్లో ఉన్న ఇంగ్లీషు మాటే పడింది. మనుషుల పేర్లుండవు, నంబర్లే. కాగితం అడుగు ఖాళీ, అక్క మాట ఎక్కడా లేదు. ఇన్నాళ్ళూ నేను కొట్లాడింది ఇందుకా అనిపించింది. చల్లటి గదిలో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. తర్వాత ఆ మాటని పట్టికలోంచి తీసేసి మళ్ళీ అచ్చు వేశాను.

సాయంత్రం డాక్టరు గారు కాగితం చూసి, చేర్చిన మాట మళ్ళీ అడుగుకి ఎందుకొచ్చిందని అడిగారు. నేనే తీసేశానని, ఆ ఇద్దరినీ ఆయాసం లెక్కలో చేత్తో కలుపుతానని చెప్పాను.

"పట్టుబట్టింది నువ్వేగా అమ్మా."

"అవునండీ. ఆ మెషీన్‌కి అర్థం కానంతకాలమే మా అక్క ఆ కాగితం అడుగునుంటుందండీ."