గాలి దిక్కు రాసిన పుస్తకం

1979 ఫిబ్రవరి 4, ఆదివారం. ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలు. మంచు విడిపోయింది. గాలి తూర్పు నుంచి, అంటే సముద్రం మీదుగా, నెమ్మదిగా వీస్తోంది. తగరపువలసలో మా మరదలి ఇంటి ముందు రిక్షా దిగాను. చొక్కా జేబులో మా అమ్మాయి టీసీ ఉంది. మరునాడు దాన్ని అక్కడి బడిలో ఇచ్చేస్తే అమ్మాయి ఇక ఆ ఊరి పిల్లే అవుతుంది.

నా భార్య వెంట రాలేదు. "నాను రాను. ఆ కాగితం మీరే ఇచ్చేసి రండి" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

అమ్మాయికి ఏడేళ్లు. మూడో ఏట నుంచి ఉబ్బసం. మా కాపురం రేవు పక్కనే, వన్ టౌన్‌లో. నేను రేవులో టాలీ క్లర్కును. ఓడలోకి ఎక్కే సరుకు లెక్క రాయడం నా పని. ఆ అలవాటుతోనే 1977 ఆగస్టు 1 నుంచి అమ్మాయి ఆయాసానికి ఒక పుస్తకం పెట్టాను. ఎడమ పుటలో తేదీ, గంట, నిమిషానికి ఎన్ని శ్వాసలు, గాలి ఎటు నుంచి, ఆ రోజు రేవులో ఓడకు ఖనిజం ఎత్తారా లేదా. కుడి పుటలో నేను ఇచ్చిన మందులు. పదహారున్నర నెలల్లో యాభై ఎనిమిది సార్లు ఆయాసం వచ్చింది. సగానికి పైగా రోజుల్లో గాలి రేవు వైపు నుంచే ఉంది. కారణం ఆ ఖనిజపు దుమ్మేనని నిర్ణయించాను. 1978 డిసెంబరు 17న అమ్మాయిని తగరపువలసకు చేర్చాను. నలభై తొమ్మిది రోజుల్లో ఒక్కసారి కూడా ఆయాసం రాలేదు. నా లెక్క రుజువైందనుకున్నాను.

ఆ లెక్కలో ఒక్క సంగతి మాత్రం కుదురుగా కూర్చోలేదు. ఆదివారాల సంఖ్య ఎక్కువ. ఆ రోజు నేను ఇంట్లో ఉంటాను కనుక సరిగ్గా రాస్తున్నాననీ, మిగిలిన రోజుల్లో కొన్ని తప్పిపోతున్నాయనీ సరిపెట్టుకున్నాను.

ఆ ఉదయం మా మరదలు అమ్మాయికి తలంటు పోసింది. తల తడి ఛాతీలోకి దిగితే ఆయాసం వస్తుందని నా గట్టి నమ్మకం. అందుకే ప్రతి ఆదివారం సాంబ్రాణి పొగ నేనే వేసేవాణ్ణి. ఆ రోజూ పొట్లం సంచిలో తెచ్చుకున్నాను. కుంపటిలో నిప్పుల మీద పొడి చల్లి, వెదురు గంప బోర్లించి, దాని మీద అమ్మాయి జుట్టు పరిచాను.

"నాన్నా, పొగొద్దు. గొంతు కోత్తంది" అంది అమ్మాయి.

ఈ మాట కొత్తది కాదు. కొత్తది కాదు కనుకే వినలేదు. "రెండు నిమిషాలు ఓర్చుకోమ్మా" అన్నాను.

పది గంటల యాభై నిమిషాలకు పిల్లికూతలు మొదలయ్యాయి. గడియారం పట్టుకుని లెక్కపెట్టాను: నిమిషానికి నలభై నాలుగు. భుజాలు పైకి లేస్తున్నాయి, మెడ దగ్గర గుంట పడుతోంది. సగం మాత్ర మింగించాను. వాకిట్లోకి వెళ్లి గాలి చూశాను. తూర్పే. లోపలికి వచ్చాను. మళ్లీ వెళ్లి చూశాను. తూర్పే.

మా మరదలు కుంపటి ఎత్తి పెరట్లో పెట్టి, చెంబుడు నీళ్లు కుమ్మరించింది.

"ఏటి బావా, నీ పోర్టు దుమ్ము సంచిలో కట్టి ఎట్టుకొచ్చావేటి? ఇన్నాళ్లూ గుర్రంనాగ గెంతినాది పిల్ల. నువ్వొచ్చి గంటన్నర అవనేదు!"

"మరి మీరు తల ఎలా ఆరబెడుతున్నారు?" అని అడిగాను.

"ఎండనేదేటి మా ఊళ్లో?"

అమ్మాయిని ఒళ్లో కూర్చోబెట్టుకుని వీపు నిమురుతూ, రెండో చేత్తో పుస్తకం తెరిచాను. కుడి పుటలో, మందుల వరుసలో, నా చేతిరాతతోనే ఉంది: సాంబ్రాణి ధూపం, గంట, నిమిషం. ఎడమ పుటలో ఆయాసం వేళ. రెండు పుటలనూ నేను ఏనాడూ కలిపి చూడలేదు. మందు అనుకున్నదాన్ని కారణాల వైపు రాసేవాళ్లెవరు? ఒక్కో తేదీ మీద వేలు పెట్టి లెక్కించాను. ఒకసారి లెక్క తప్పి మళ్లీ మొదటి నుంచి లెక్కించాను. ఆ సమయానికి అమ్మాయి శ్వాస ముప్పై రెండుకు దిగింది.

సాయంత్రం నాలుగు గంటల బస్సులో అమ్మాయిని తీసుకుని ఇంటికి బయలుదేరాను. దారి పొడుగునా కిటికీ వేయడం, తీయడం, మళ్లీ వేయడం. "నాన్నా, ఒక సోట కూకో" అంది అమ్మాయి.

తలుపు తీసిన నా భార్య ముందు పిల్లను ఎత్తుకుంది. ఆ తరువాత నేను చెప్పింది పూర్తిగా విన్నది.

"రోజూ రాసేవోరు, ఒక్క రోజూ సదవలేదేటి?" అంది.

సోమవారం టీసీని పాత బడిలోనే తిరిగి ఇచ్చేశాను.

పొగ మానేసినా ఉబ్బసం పోలేదు. ఆ తరువాతి పన్నెండు నెలల్లో పద్నాలుగు సార్లు వచ్చింది; దుమ్ము గాలి రోజులు వాటిలో ఉన్నాయి. కాని పుస్తకంలో వెనక్కి దిద్దలేని లెక్క ఒకటుంది. తగరపువలసలో వచ్చినదానితో కలిపి ఆనాటికి యాభై తొమ్మిది ఆయాసాలు. వాటిలో, నేను పొగ వేసిన మూడు గంటల లోపల వచ్చినవి ముప్పై.